పింఛను పర్లాకిమిడిలో 1,000, పాతపట్నంలో 4,000: మన పెద్దవాళ్ల మాట భువనేశ్వర్‌లో వినిపించేదెలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి దగ్గర పల్లె) | నవంబరు 2, ఉదయం

అందరికీ నమస్కారం. మా పెద్దత్త, చిన్నత్త సొంత అప్పచెల్లెళ్లు. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే కంచంలో తిని పెరిగారు. పెద్దత్తకు 74, చిన్నత్తకు 71. పెద్దత్తను మా ఊళ్లోనే ఇచ్చారు, అంటే ఒడిశా. చిన్నత్తను పాతపట్నం అవతల ఇచ్చారు, అంటే ఆంధ్రా. రెండిళ్ల మధ్య ఆటోలో గట్టిగా అరగంట.

ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు చిన్నత్త గుమ్మం దగ్గరికొచ్చి 4,000 చేతిలో పెట్టి వెళ్తారు. పెద్దత్తకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను 1,000. ఏళ్ల తరబడి పదిహేనో తేదీన పంచాయతీ ఆఫీసుకు నడిచి వెళ్లి, వరసలో కూర్చుని తెచ్చుకుంటోంది. ఆవిడ పింఛను అనదు, ఒడియావాళ్లలాగే ‘భత్తా’ అంటుంది.

నిన్న ఒకటో తేదీ. పింఛను అందుకున్న చిన్నత్త అప్పను చూడడానికి వచ్చింది. సంచిలో రెండు డజన్ల అరటిపళ్లు, ఒక నెలకు సరిపడా బీపీ మాత్రలు. పెద్దత్త పళ్లు తీసుకుంది, మాత్రలు తీసుకోలేదు. “నా దగ్గర ఉన్నాయే” అంది. చెల్లెలు వెళ్లాక నేను ఆ మాత్రల డబ్బా తీసి చూశాను. ఉన్న మాత్రలన్నీ సగం ముక్కలే. బ్లేడుతో కోసి పెట్టుకుంది, పదిహేను రోజుల మందు నెలకు వచ్చేలాగ. డాక్టరు రోజుకొకటి వేసుకోమంటే సగం వేసుకుంటోంది. మూడు నెలలుగా ఇదే పని అట.

రాత్రి నిద్ర పట్టలేదు. 1936లో ఒడిశా వేరుగా ఏర్పడి గీత గీసినప్పుడు పర్లాకిమిడి జమీందారీయే రెండు ముక్కలైంది, దాన్ని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. కానీ ఆ గీతకు ఇవతల ఉన్నందుకు ఒక ముసలామె మాత్రలు కోసుకోవాలా? మన జిల్లాల్లో, అంటే గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్‌లో ఇలాంటివాళ్లు ఎంతమందో. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి? ఎన్నికలు 2029లో. అప్పటిదాకా ఆగితే మా పెద్దత్తకు 78 వస్తాయి. తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తూరు కుర్రాడు (శ్రీకాకుళం జిల్లా) | నవంబరు 2, ఉదయం

మహేంద్రతనయ గారూ, బాధగా ఉంది. ఒక మాట చెప్తాను, కోప్పడకండి. పెద్దత్తగారి ఆధార్ అడ్రస్ చిన్నత్తగారి ఇంటికి మార్పించేస్తే పనైపోతుంది కదా. మా వైపు అలా చేసినవాళ్లు ఉన్నారు.

గుణుపురం మాస్టారు | నవంబరు 2, మధ్యాహ్నం

వద్దు నాయనా. నీ మనసు మంచిదే, కానీ ఆ సలహా మాత్రం ఇవ్వకు. ఉన్న ఊరు, ఓటు, రేషన్ అన్నీ ఇవతల ఉంచుకుని అడ్రస్ అవతల పెడితే అది అబద్ధం. రేపు తనిఖీలో బయటపడితే రెండూ పోతాయి, పైగా తీసుకున్నది తిరిగి కట్టమంటారు. 74 ఏళ్ల మనిషిని ఆఫీసుల చుట్టూ దోషిలా తిప్పుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఇలా ఒక్కొక్కరు అవతలికి జారుకుంటే ఇవతల ఉండిపోయినవాళ్ల తరఫున అడిగేవాడు మిగలడు.

కొత్తూరు కుర్రాడు | నవంబరు 2, మధ్యాహ్నం

నిజమే మాస్టారూ. అంత దూరం ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పొట్టంగి సత్యం (కొరాపుట్ జిల్లా) | నవంబరు 2, సాయంత్రం

రెండు రాష్ట్రాల పింఛను అనగానే అందరికీ మా కోటియా గుర్తొస్తుంది కాబట్టి నాలుగు మాటలు. 21 ఊళ్లు, ఒడిశావా ఆంధ్రావా అని దశాబ్దాలుగా తగువు. సుప్రీంకోర్టుకు మొదటిసారి వెళ్లింది 1968లో. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రావాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. ఆ గొడవ తర్వాతే మా కొండల మీదికి రోడ్లు, అధికారులు, పథకాలు పోటీపడి వచ్చాయి. అంతకుముందు జ్వరమొస్తే మంచం కట్టి మోసుకు దిగేవాళ్లం.

దీంట్లో నాకు అర్థమైంది ఒక్కటే. ఇక్కడ మనుషులున్నారు, వాళ్లకో అక్కర ఉంది అని ప్రభుత్వానికి కనబడితే కదులుతుంది. కోటియాకు తగువు వల్ల ఆ చూపు దొరికింది. మీ పర్లాకిమిడి మీద తగువేమీ లేదు, కనుక మీరే కనబడాలి.

గంజాం వకీలు (బరంపురం) | నవంబరు 2, రాత్రి

పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. అడిగేముందు లెక్క తెలిసుండాలి.

కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలైంది 1995 ఆగస్టు 15న, నెలకు 75 రూపాయలతో. తర్వాత 200 అయింది. 2011లో 80 దాటినవాళ్లకు 500 చేశారు. 60 నుంచి 79 వరకు ఇవాళ్టికీ కేంద్రం వాటా ఆ 200 దగ్గరే ఆగిపోయింది. పైన ఎంత కలపాలన్నది రాష్ట్రం ఇష్టం. అందుకే ఒకే దేశంలో ఒక్కో చోట ఒక్కోలా ఉంది. మన పోరాటం ఢిల్లీతో కంటే ముందు భువనేశ్వర్‌తో అనేది ఇందుకే.

మన రాష్ట్రంలో మధుబాబు పింఛను యోజన 2008 జనవరిలో వచ్చింది. 2019 ఫిబ్రవరిలో 300ను 500 చేశారు. 2024 ఫిబ్రవరిలో 500ను 1,000 చేశారు. ఆ రెండు సంవత్సరాలు చూడండి. రెండూ ఎన్నికల సంవత్సరాలే. మధ్యలో ఐదేళ్లు ఒక్క రూపాయి పెరగలేదు. ఆ ఐదేళ్లలో కందిపప్పు ధర ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లిందో మీకు తెలుసు. అవతలా పెద్ద పెంపులు అప్పుడే, 2019 జనవరిలో 2,000 అయింది, మధ్యలో కొద్దికొద్దిగా 3,000 దాకా వెళ్లింది, 2024లో ప్రభుత్వం మారగానే 4,000 అయింది. అంటే ముసలివాళ్ల కడుపు ఎన్నికల క్యాలెండరు మీద ఆధారపడి ఉంది.

దీనికి విరుగుడు ఒక రాష్ట్రంలో చేసి చూపించారు. రాజస్థాన్ 2023లో కనీస ఆదాయ హామీ చట్టం చేసింది. కనీస పింఛను 1,000, ఏటా 15 శాతం దానంతట అదే పెరగాలి, జులైలో 5, జనవరిలో 10. ఎవరి దయా అక్కర్లేదు, చట్టమే పెంచుతుంది. మొత్తం ఎంత అన్నదాని కంటే ఏటా పెరగడం అన్నదే నా దృష్టిలో పెద్ద విషయం. 4,000 ఇచ్చి పదేళ్లు కదపకుండా ఉంచితే అది మళ్లీ 200 కథే అవుతుంది.

ఇంకో సంగతి మన దగ్గరే ఉంది, చాలామంది గమనించలేదు. 2025 జనవరిలో ఒడిశా ప్రభుత్వం 80 దాటినవాళ్లకు పింఛను 3,500 చేసింది. చాలా మంచి పని, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ 79 ఏళ్ల 11 నెలల మనిషికి 1,000, నెల తిరిగితే 3,500. ఆ ఒక్క నెలలో ఆకలి మూడున్నర రెట్లు కాదు కదా.

రాయగడ లక్ష్మి | నవంబరు 3, ఉదయం

వకీలుగారూ, ఆ 80 మాట దగ్గరే నా బాధంతా. ముప్పై ఏళ్లు ఊళ్లలో నర్సుగా తిరిగి రిటైరయ్యాను. మా పేటలో ఒక మామ్మ ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు తనకు పాలపళ్లు ఊడాయని చెప్తుంది. అంటే 1940 ప్రాంతంలో పుట్టుండాలి, 84, 85 ఉంటాయి. ఆధార్‌లో ఎంతుందో తెలుసా? 72. ఆధార్ క్యాంపు వచ్చినప్పుడు పుట్టిన తేదీ తెలీదంటే, ముఖం చూసి ఒక సంవత్సరం రాసి జనవరి 1 వేసేశారు. మా వీధిలో సగంమంది ముసలివాళ్ల పుట్టినరోజు జనవరి 1.

ఆ తప్పు అంకె ఇప్పుడు ఆవిడకు నెలకు 2,500 నష్టం. సరిచేయించుదామని నేనే తీసుకెళ్లాను. కాగితం తెమ్మన్నారు. పుట్టిన సర్టిఫికెట్ లేదు, బడికి వెళ్లలేదు. పెద్దకొడుకు బడి సర్టిఫికెట్ ఉంది, వాడికి 64. అమ్మకు 72, కొడుక్కి 64! ఆ కాగితం చూపించినా ఒప్పుకోలేదు. పైగా పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, కాబట్టి తొందరపడి తప్పు మార్చినా ఇబ్బందే.

అందుకని మన అర్జీలో డబ్బు ఒక్కటే కాదు, వయసు సంగతి కూడా ఉండాలి. పంచాయతీకో రోజు డాక్టర్ల బృందం వచ్చి, చూసి, వయసు నిర్ధారించి కాగితం ఇవ్వాలి. పిల్లల వయసును కూడా ఆధారంగా తీసుకోవాలి.

మహేంద్రతనయ గారూ, ఇది మీ పెద్దత్తగారి కోసం. బీపీ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలి, 2015 నుంచి నిరామయ పథకం ఉంది. దయచేసి సగం మాత్ర మానిపించండి. బీపీ లోలోపల పెరిగి ఒక్కసారిగా పక్షవాతం తెస్తుంది, నేను కళ్లారా చూశాను. 70 దాటారు కనుక ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా చేయించండి, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వరకు. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. రోజువారీ మాత్రలకు పనికిరాదు.

మహేంద్రతనయ | నవంబరు 3, సాయంత్రం

లక్ష్మిగారూ, మీ పోస్టు చదివిన వెంటనే బయల్దేరి పెద్దత్తను ఆసుపత్రికి తీసుకెళ్లాను. పదిహేను రోజుల మాత్రలు ఇచ్చారు. అయిపోయాక మళ్లీ రావాలి, రానూపోనూ ఆటోకు 120. ఈ నెలకు నేనున్నాను. ఎవరూ లేనివాళ్ల సంగతే నన్ను పట్టి పీడిస్తోంది. మీకు చాలా రుణపడ్డాను.

బరంపురం వెంకటి | నవంబరు 3, రాత్రి

నా భయం కూడా చెప్పుకుంటాను. ఆంధ్రాలో 4,000 ఇస్తున్నారు, ఇక్కడా ఇవ్వండి అని తెలుగులో మాట్లాడి చూడండి, వచ్చే మొదటి జవాబు “అయితే ఆంధ్రాకే పొండి” అని. మా నాన్న ఈ మాట పడ్డాడు. పుట్టింది ఇక్కడ, నలభై ఏళ్లు పన్ను కట్టింది ఇక్కడ. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే మన తెలుగు సంఘం తరఫున గట్టిగా, గుంపుగా వెళ్లాలి అంటాను.

గుణుపురం మాస్టారు | నవంబరు 4, ఉదయం

వెంకటీ, మీ నాన్నగారు పడ్డ మాట నేనూ పడ్డాను. అందుకే నేను దానికి ఎదురు చెప్తాను. తెలుగువాళ్లుగా వెళ్తే మనం ఒక చిన్న గుంపు. ముసలివాళ్లుగా వెళ్తే మన వెనక ఒడియా ముసలివాళ్లు, సవర గిరిజన ముసలివాళ్లు అందరూ ఉంటారు. మా పక్కింటి ఒడియా ఆయన, రిటైరైన బస్సు కండక్టరు, నాకంటే ఎక్కువ మండిపడుతున్నాడు ఈ 1,000 మీద. అతన్ని వదిలేసి మనం ఒక్కళ్లం ఎందుకు వెళ్లాలి?

రెండో సంగతి, అసలు ఆంధ్రా పేరే ఎత్తొద్దు. వకీలుగారు చెప్పినదాంట్లోనే ఉపాయం ఉంది. 3,500 అనేది మన రాష్ట్రం ఒప్పుకున్న అంకె. ముసలివాడు బతకడానికి ఇంత కావాలని ప్రభుత్వమే నిర్ణయించింది. దాన్ని 80 నుంచి 70కి దించండి అని అడుగుదాం. ఇది పక్కవాడి ఆకులోకి చూసి అడిగినట్టు ఉండదు, మన ఇంట్లో వడ్డించినదే మరొకరికి వడ్డించమన్నట్టు ఉంటుంది.

మహేంద్రతనయ | నవంబరు 4, ఉదయం

మాస్టారూ, ఈ మాట నాకు తట్టనే లేదు. మా పెద్దత్తతో భత్తా వరసలో కూర్చునేవాళ్లలో సగంమంది సవరలే. పదిహేనో తేదీన అందరూ ఒకే గోడ నీడలో కూర్చుంటారు. ఆవిడకు సవర భాష వచ్చు, వాళ్లకు తెలుగు వచ్చు. అర్జీ అనగానే మాత్రం నా బుర్ర తెలుగువాళ్ల దగ్గరే ఆగిపోయింది.

సిరొంచ మల్లన్న (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర) | నవంబరు 4, రాత్రి

అన్నలకు, అక్కలకు నమస్తే. మీ ముచ్చట చదువుతుంటే మా ఊరి ముచ్చటే అనిపించింది. మాది సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా దగ్గరే, వంతెన దాటితే కాళేశ్వరం. ఇవతల శ్రావణబాళ పింఛను 1,500, 65 ఏళ్లు నిండాలి. అవతల తెలంగాణలో 2,016, అదీ 57 ఏళ్లకే. పైగా ఇవతల ఏడాది ఆదాయం 21,000 దాటితే ఇవ్వరు. నెలకు 1,750 అన్నమాట. కూలికి పోయే మనిషి కూడా దాన్ని దాటుతాడు. మరి తహసీల్ల ఆదాయం సర్టిఫికెట్ ఎట్ల తెస్తరు? గరీబోడితోనే అబద్ధం చెప్పిస్తున్నది ఆ రూలు.

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో 2018లో ఏమైందో మీకు యాదుండాలె. అక్కడి సర్పంచులు మమ్మల్ని తెలంగాణలో కలపండి అని లేచిండ్రు. పింఛన్లు, రైతుబంధు చూసి. పేపర్లలో పెద్దగా వచ్చింది, ముంబై దాకా వినబడ్డది. కానీ కలపమన్న మాటే పెద్దగా నడిచింది, పింఛను మాట వెనకబడ్డది. అందుకే గుణుపురం సార్ చెప్పిన దారే నాకు నచ్చింది. సరిహద్దు మాట ఎత్తితే సరిహద్దు మీదనే లొల్లి నడుస్తది.

మా మహారాష్ట్రల ఒక మంచి పద్ధతి ఉన్నది, మీకు పనికొస్తదని చెప్తున్న. ఊరూరా జ్యేష్ఠ నాగరిక్ సంఘ్‌లు. ముసలోళ్లు వారానికోసారి కూడి భజన చేస్తరు, బీపీ చూపించుకుంటరు, అర్జీలు రాస్తరు. వీటన్నిటికీ కలిపి ఫెస్కామ్ అని రాష్ట్ర సమాఖ్య. మంత్రి దగ్గరికి పోయేది ఒక్క మల్లన్న కాదు, రాష్ట్రంల ఉన్న సంఘాలన్నీ. బస్సు టికెట్టు అట్లనే తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు 65 దాటితే ఎస్టీ బస్సుల, అంటే మా ఆర్టీసీ బస్సుల, సగం, 75 దాటితే 2022 ఆగస్టు నుంచి పూర్తిగా ఫ్రీ. మా నాయిన సిరొంచ నుంచి గడ్చిరోలి దవాఖానకు రూపాయి లేకుండ పోయొస్తడు. అంత దూరం బస్సుకు పైసలు లేక ఇంతకుముందు పోకుండనే ఉండేటోడు.

ఎమ్మెల్యే దగ్గరికి ఒక్కసారి పోయి ఫోటో దిగి వస్తే కాదు. మేము మా తాలూకాల ఆరుసార్లు పోయినం. ప్రతిసారీ పాత అర్జీ నకలు, దాని మీద ముద్ర చూపించి “ఇది ఏమైంది సార్” అని అడిగినం. నాలుగోసారికి ఆఫీసు బాబుకు మా పేర్లు నోటికొచ్చినయ్. నకలు లేకుండ అర్జీ ఎప్పుడూ ఇవ్వకండి.

బరంపురం వెంకటి | నవంబరు 5, ఉదయం

మాస్టారు, మల్లన్న చెప్పింది విన్నాక నా పట్టుదల సడలింది. అందరితో కలిసే వెళ్దాం. కానీ మన ముసలివాళ్లకు ఒడియా రాయడం రాదు, చదవడం రాదు. అర్జీలో ఏం రాశారో తెలియకుండా వేలిముద్ర వేయడం నాకు ఇష్టం లేదు. మా నాన్న జీవితమంతా తనకు తెలియని లిపిలో కాగితాల మీద ముద్ర వేశాడు.

గంజాం వకీలు | నవంబరు 5, మధ్యాహ్నం

వెంకటీ, చాలా సరైన మాట. రాజ్యాంగం 350వ అధికరణం ఇందుకే ఉంది. కష్టం చెప్పుకోవడానికి ఏ అధికారికైనా, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఒడిశాలో తెలుగు వాడుకలో ఉన్న భాష కాదని ఎవరూ అనలేరు. కాబట్టి తెలుగులో ఇవ్వొచ్చు, తీసుకోవాలి. కింద ఒడియా అనువాదం జత చేద్దాం. హక్కు లేదని కాదు, చదివే ఆఫీసరుకు పని సులువు కావాలని. సవర పెద్దలకు గట్టిగా చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే ముద్ర తీసుకోవాలి.

41వ అధికరణం కూడా అర్జీ పైన ఒక లైను రాయండి. ముసలితనంలో ప్రభుత్వ సాయం అందేలా రాజ్యం తన శక్తి మేరకు ఏర్పాటు చేయాలని అందులో ఉంది. అది ఆదేశిక సూత్రం, కోర్టులో దావా వేయడానికి పనికిరాదు. కానీ అడిగేది భిక్ష కాదని చెప్పడానికి పనికొస్తుంది.

ఎవరికి ఇవ్వాలంటే, సోమవారం కలెక్టరు గ్రీవెన్స్‌లో ఒకటి, నాలుగు జిల్లాల్లోనూ. భువనేశ్వర్‌లో ఈ పింఛన్లు చూసేది సామాజిక భద్రత, దివ్యాంగుల సాధికారత శాఖ, దానికొకటి. ఎమ్మెల్యేలకు విడిగా. బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరిలో పెడతారు. డిసెంబరులోగా చేరకపోతే మళ్లీ ఏడాది పోయినట్టే. సభలో ప్రశ్న అడగమని ఎమ్మెల్యేను కోరండి. ఏ పార్టీ అయినా సరే. ప్రశ్న అడిగితే మంత్రి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో ఉంటుంది. వచ్చే ఏడాది మనం మళ్లీ వెళ్లినప్పుడు అదే మన చేతిలో కాగితం.

ఒక్క కోరిక కలపమంటాను. కేరళ 2025లో వృద్ధుల కమిషన్ చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. ఒడిశాలోనూ అలాంటిది కావాలని.

పొట్టంగి సత్యం | నవంబరు 5, సాయంత్రం

కమిషన్ కోరిక వద్దని నా అభిప్రాయం. ఒక్క అర్జీలో ఐదు కోరికలు పెడితే అన్నిటికంటే సులువైనది ఎంచుకుంటారు. కమిషన్ వేసి, ఆఫీసు తెరిచి, పని అయిపోయిందంటారు. మా మామ్మలకు మాత్రలు కావాలి.

గంజాం వకీలు | నవంబరు 5, రాత్రి

సత్యం, నేను ఒప్పుకోను. అడిగే చోటు ఒకటంటూ ఉంటే ప్రతిసారీ కలెక్టరు గుమ్మం ఎక్కాల్సిన పని ఉండదు. కానీ ఈ అర్జీకి అది బరువే. తీసేద్దాం, దానికి మరో రోజు వస్తుంది.

పేరు రాయలేను | నవంబరు 6, అర్ధరాత్రి

ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. నాకు 68. ఇల్లు మూడేళ్ల క్రితం అబ్బాయి పేర రాశాను. ఇప్పుడు వంటగదికి తాళం వేస్తున్నారు. పింఛను పెరిగినా నా చేతికి రాదు, పాస్‌బుక్ వాళ్ల దగ్గరే ఉంది.

గంజాం వకీలు | నవంబరు 6, ఉదయం

అమ్మా, తప్పకుండా అడగొచ్చు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం చేసిన 2007 చట్టం మీ కోసమే ఉంది. సబ్-కలెక్టరు దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. అర్జీ మీరే ఇవ్వొచ్చు, లేదా మీకు వీలుకాకపోతే మీరు ఒప్పుకున్నవాళ్లు మీ తరఫున ఇవ్వొచ్చు. వకీలును పెట్టుకోవాల్సిన పని లేదు, అసలు ఆ చట్టంలో వకీళ్లకు చోటు లేదు, నేను ఊరికే చెప్తున్నాను. నెలకు 10,000 వరకు పోషణ ఇప్పించవచ్చు. నోటీసు వెళ్లాక 90 రోజుల్లో తేల్చాలి, ఈలోగా తాత్కాలికంగా కొంత ఇప్పించమని కూడా అడగండి.

ఇల్లు సంగతి 23వ సెక్షన్. చూసుకుంటామనే షరతు మీద రాసిచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయవచ్చు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఒక కేసులో తల్లికి ఆస్తి తిరిగి ఇప్పిస్తూ, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా చదవాలని చెప్పింది. మీ దస్తావేజులో ఆ షరతు రాసుందో లేదో ముందు చూడాలి. ఇంకా రాయనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ ఒక్క వాక్యం దస్తావేజులో రాయించండి.

ఈలోగా 14567కు ఫోన్ చేయండి, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 వరకు, డబ్బులు పడవు.

రాయగడ లక్ష్మి | నవంబరు 6, ఉదయం

అమ్మా, మీరే జిల్లా అన్నది ఒక్కటి నాకు మెసేజ్ పెట్టండి. నేను వస్తాను. ఇవాళ అన్నం తిన్నారా?

పేరు రాయలేను | నవంబరు 6, సాయంత్రం

తిన్నానమ్మా. మెసేజ్ పెట్టాను.

మహేంద్రతనయ | నవంబరు 8, ఉదయం

అర్జీ రాశాను, చూసి దిద్దండి. 70 దాటినవాళ్లకు 3,500. పింఛను ఏటా దానంతట అదే పెరిగేలా చట్టం. వయసు తప్పుపడ్డవాళ్లకు పంచాయతీలోనే డాక్టర్ల శిబిరం. వేలిముద్ర పడనివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు ఇంటికే డబ్బు. ఇంతే. ఆంధ్రా అన్న మాట ఎక్కడా లేదు. ఒడియా అనువాదం గుణుపురం మాస్టారి పక్కింటి కండక్టరుగారు చేస్తున్నారు.

కొత్తూరు కుర్రాడు | నవంబరు 8, ఉదయం

మా ఊళ్లో జిరాక్స్ షాపు నాదే. ఎన్ని కాపీలు కావాలన్నా తీసి పంపిస్తాను, డబ్బు మాట ఎత్తొద్దు.

మహేంద్రతనయ | నవంబరు 15, రాత్రి

ఇవాళ భత్తా రోజు. ఆ గోడ నీడలోనే కూర్చుని సంతకాలు తీసుకున్నాం. తెలుగులో నేను చదివాను, సవరలో మా పెద్దత్త చెప్పింది. ఒక సవర తాత రెండుసార్లు చెప్పించుకున్నాడు. “ఏటా పెరుగుతుంది” అన్న చోట ఆపి, “ఎవరు పెంచుతారు?” అని అడిగాడు. చట్టం పెంచుతుందంటే కాసేపు ఆలోచించి, “అయితే ఆ మాట పైన రాయండి, కింద కాదు” అన్నాడు. నిజమే అనిపించింది. రాత్రి కూర్చుని మార్చాను. ఇప్పుడు మొదటి కోరిక అదే, 3,500 రెండోది. వకీలుగారు మొదటినుంచీ చెప్తున్నదీ ఇదే కదా.

సంతకాలు మళ్లీ తీసుకోవాలి. మారిన కాగితం మీద పాత ముద్రలు ఉండకూడదని కొత్తవి తీసుకుందాం అన్నాను. రేపు ఆదివారం ఇంటింటికీ తిరుగుతాం.

మహేంద్రతనయ | నవంబరు 17, సాయంత్రం

సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. కౌంటరు దగ్గరి అబ్బాయి తెలుగు పేజీ చూసి “ఇది మేం తీసుకోం” అన్నాడు. వెంకటి గొంతు పెంచలేదు, 350వ అధికరణం రాసిన చీటీ ముందు పెట్టి, “బాబూ, ఇది మీ పెద్దసారుకు ఒక్కసారి చూపించండి” అని ఒడియాలో అడిగాడు. లోపలికి వెళ్లి వచ్చాడు. రెండు పేజీల మీదా ముద్ర వేశాడు. మల్లన్న చెప్పినట్టు నకలు నా దగ్గర భద్రంగా ఉంది. ఇది మొదటిసారి. ఇంకా ఐదుసార్లు వెళ్లాలని మనసులో లెక్క పెట్టుకున్నాను.

సిరొంచ మల్లన్న | నవంబరు 17, రాత్రి

సంతోషం అన్నా. ముద్ర మీద తేదీ సాఫ్‌గా కనబడుతున్నదా చూసుకో. మాది ఒకసారి అలుక్కుపోయి, మళ్లీ మొదటికొచ్చింది.

మహేంద్రతనయ | నవంబరు 17, రాత్రి

కనబడుతోంది తమ్ముడూ. వచ్చే సోమవారం రాయగడలో ఇవ్వాలి. లక్ష్మిగారూ, మీ మామ్మ పెద్దకొడుకు బడి సర్టిఫికెట్ నకలు కూడా జత చేద్దాం, తీసి ఉంచండి.

రాయగడ లక్ష్మి | నవంబరు 18, ఉదయం

తీసి ఉంచాను. నాకు మెసేజ్ పెట్టిన అమ్మ కూడా వస్తోంది, ఆవిడ ట్రిబ్యునల్ అర్జీ కూడా తయారైంది. మీరు ఎన్నింటికి బయల్దేరుతున్నారు?

మహేంద్రతనయ | నవంబరు 18, ఉదయం

తెల్లవారి ఐదింటికి జీపు. పెద్దత్త కూడా వస్తానని పట్టుబట్టింది, ముందు సీటు ఆవిడకు. నిన్నటినుంచి మాత్ర పూర్తిగా వేసుకుంటోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.